నమూనా ట్యాంకుకు ట్రాకు తొడగడం

ఈ ఏడాది పాఠశాల ప్రదర్శన కోసం మేము నలుగురం కలిసి 1/35 కొలతలో టి-55 ట్యాంకు నమూనా తయారు చేశాం. ఇది సోవియట్ ట్యాంకు. 1971 యుద్ధంలో మన సైన్యం కూడా దీన్ని వాడింది. ఫిరంగి గొట్టాన్ని మినహాయిస్తే అసలు బండి పొడవు సుమారు 6.45 మీటర్లు. 35తో భాగిస్తే మా నమూనా 18 సెంటీమీటర్ల పైచిలుకు.

పైభాగం, చక్రాలు అన్నీ చక్కగా కుదిరాయి. చిక్కంతా ట్రాకుల దగ్గరే వచ్చింది.

కిట్‌లో ట్రాకులంటే రెండు నల్లటి వినైల్ పట్టీలు. ఒక కొసన చిన్న చిన్న బొడిపెలు, రెండో కొసన వాటికి సరిపడే రంధ్రాలు ఉంటాయి. బొడిపెలను రంధ్రాల్లోంచి తోసి, వేడిచేసిన స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే రివిట్‌లా అణిగి పట్టుకుంటాయి. డబ్బా మీద రాసింది ఇంతే. మా పట్టీలు చాలాకాలం మడతపడి ఉండి బిరుసెక్కాయి, కాస్త పొట్టిగా కూడా ఉన్నాయి. బలవంతంగా లాగి తొడిగాం. మర్నాటికి వెనకనున్న పళ్ల చక్రం లోపలికి ఒరిగింది, ముందు చక్రం ఇరుసు ఊడింది. ప్రదర్శనకు మూడు రోజులే ఉంది.

మాలో ఒకడి తాతగారు ట్యాంకు దళంలో పనిచేసి రిటైరయ్యారు. చూసి నవ్వారు. "ఏమర్రా, ఇది ట్రాకా, వీణ తీగా?" అన్నారు.

ఆయన చెప్పాక అర్థమైంది. టి-55కు ఒక్కో వైపు అయిదు పెద్ద చక్రాలుంటాయి, పైన ట్రాకును మోసే చిన్న రోలర్లు ఉండవు. అందుకే ఉక్కు ట్రాకు తన బరువుకు తానే చక్రాల మీద వాలి, వాటి మధ్య కిందికి వేలాడుతుంది. మన మెదక్ ఫ్యాక్టరీలో తయారైన సారథ్ వాహనానికి పైన రోలర్లున్నాయి, దాని ట్రాకు ఇలా వాలదు. అంటే మాది విరగడమే కాదు, అసలు రూపమే తప్పు.

వినైల్ అంటే పి.వి.సి. నీళ్ల పైపుల్లో అది గట్టిగా ఉంటుంది. దాని పొడవాటి అణు గొలుసుల మధ్య మెత్తదనాన్నిచ్చే నూనెలాంటి పదార్థం కలిపితే ఇలా వంగే పట్టీ అవుతుంది. వేడి తగిలితే ఆ గొలుసులు ఇంకా సులువుగా జరుగుతాయి. వంచి పట్టుకుని చల్లారనిస్తే ఆ వంపు చాలావరకు నిలుస్తుంది.

తొందరలో మేము బండి మీదే మరిగే నీళ్లు పోయబోయాం. సైన్సు సారు ఆపారు. చక్రాలు పాలీస్టైరీన్‌వి, అది 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది! కాబట్టి ట్రాకును విడిగా తీసి, ముందు సబ్బునీళ్లతో కడిగాం, లేకపోతే రంగు పట్టదు. తరవాత 65 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు ఉంచాం. ల్యాబ్ థర్మామీటరు ఉండనే ఉంది. పట్టుకారుతో తీసి, కుదుపు లేకుండా పట్టీ పొడవునా నెమ్మదిగా సాగదీశాం. అతుకు దగ్గర మాత్రం లాగకూడదు, ముందు చిరిగేది అక్కడే.

కిట్‌తో వచ్చే జిగురు పాలీస్టైరీన్‌ను కరిగించి అతికిస్తుంది, వినైల్‌ను పట్టుకోదు. అందుకని చక్రాల నెత్తిన సూపర్ గ్లూ చుక్క పెట్టి, ట్రాకుకూ పైనున్న మడ్‌గార్డుకూ మధ్య స్పాంజి ముక్కలు దూర్చాం. ఆరాక వాటిని తీసేస్తే ట్రాకు వాలినట్టే ఉండిపోయింది. అతుకును మడ్‌గార్డు కిందికి జరిపి దాచాం.

ఇంకొకటి. వినైల్‌లోని ఆ నూనె ఏళ్లు గడిచేకొద్దీ తగులుతున్న ప్లాస్టిక్‌లోకి ఇంకి చక్రాలను తినేయగలదు. చక్రాలకు ముందే అన్నివైపులా రంగు వేస్తే కొంత అడ్డు. మేము బయటివైపే వేశాం, ఏం జరుగుతుందో చూడాలి.

ఎడమ ట్రాకు అతుకు దగ్గర చివరికి చిరిగింది. నల్లదారంతో కుట్టి, మట్టిరంగు పూసి, ఆ వైపును గోడకేసి పెట్టాం. తాతగారు ప్రదర్శనకు వచ్చి ముందుగా ఆ వైపే తిప్పి చూశారు.