మాయా మూర్ – బంతిని విడిచిన క్రీడాకారిణి

విద్యార్థులారా, సాయంకాలమున మీరు మైదానమున నాడు బాస్కెట్‌బాల్ ఆట 1891వ సంవత్సరమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరమందు, క్రైస్తవ యువజన సంఘమువారి శిక్షణాలయమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయునిచే కల్పింపబడెను. పండ్లబుట్టలు రెండు కట్టి యాడిన యీ ఆట నేడు కొందరికి జీవనవృత్తియైనది. అట్టివారిలో మాయా మూర్ చరిత్ర మీరెరుగదగినది.

ఆమె 1989లో మిస్సోరీ రాష్ట్రమున జన్మించెను. కనెక్టికట్ విశ్వవిద్యాలయమున ఆమె యాడిన నాలుగేండ్లలో ఆ జట్టు 150 పందెములు గెలిచి, నాలుగింట మాత్రమే యోడెను. పిమ్మట మిన్నెసోటా లింక్స్ జట్టున చేరి 2011, 2013, 2015, 2017 సంవత్సరములలో విజేత యయ్యెను. లండన్, రియో ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకములు పొందెను. పతకముల పట్టిక నింతటితో విడిచెదను.

1997లో మిస్సోరీలోని ఓఫాలన్ పట్టణమున నొక యింట దొంగ చొరబడి, గృహస్థుని తుపాకితో కాల్చి గాయపరచెను. జోనథన్ ఐరన్స్ అను పదునారేండ్ల నల్లజాతి బాలునిపై ఆ నేరము మోపబడెను. అతనిని బాలునిగా గాక పెద్దవానిగా నెంచి, తెల్లవారే సభ్యులుగా గల జూరీ యెదుట విచారించిరి. అతడచ్చటికి వచ్చెనని చూపు భౌతికసాక్ష్య మేదియు లేదు. ఐనను 50 ఏండ్ల శిక్ష పడెను. చెరసాలలోని వారికి పరిచర్య చేయు ఆప్తుల మూలమున మాయా 2007లో, కళాశాలకు పోవుటకు ముందు, అతనిని తొలిసారి చూచెను.

2019 ఫిబ్రవరిలో, 29 ఏండ్ల వయసున, తానా యేడు ఆడబోనని యామె ప్రకటించెను. కుటుంబమునకును, దైవసేవకును కాలము కావలెననెను. ఐరన్స్ వ్యాజ్యమును చేపట్టెను. ఆడుచునే సాయము చేయరాదా యని మీరడుగవచ్చును. అది తగిన ప్రశ్నయే. ఆడుచున్న దినములలోనే, 2016లో, ఆమె న్యాయసంస్కరణమును గూర్చి బహిరంగముగా మాటలాడియుండెను. కాని క్రీడాకారుల దేహబలము కొలది యేండ్లదే. ఆ కొలది యేండ్లనే యామె వెచ్చించెను. వ్యాజ్యము గెలుచునను పూచీ యెవరును ఈయలేదు. కీర్తిగలవారి యండ లేని ఖైదీల గతి యేమను చింత నన్ను విడువకున్నది.

వ్యాజ్యము తేలినది ఒక వేలిముద్రవలన. ఆ యింటి తలుపు లోపలివైపున దొరికిన ముద్ర ఐరన్స్‌దిగాని గృహస్థునిదిగాని కాదను నివేదిక యొకటి యుండెను. అది ప్రతివాది న్యాయవాదికి అందనేలేదు. 2020 మార్చిలో న్యాయమూర్తి ఆ శిక్షను కొట్టివేసెను. జూలై 1వ తేదీన ఐరన్స్ వెలుపలికి వచ్చెను. అప్పటికతనికి 40 ఏండ్లు. ఆ యేడే వారిరువురును వివాహమాడిరి.

మాయా తిరిగి యాడలేదు. 2023 జనవరిలో క్రీడనుండి విరమించినట్లు తెలిపెను. 2025లో నైస్మిత్ పేర స్ప్రింగ్‌ఫీల్డునందున్న కీర్తిమందిరమున నామె పేరు చేర్చబడెను.