ప్రవరుడు మరచిన దారి

పాఠ్యభాగ నేపథ్యం

తెలుగు వచన వాఙ్మయంలో యాత్రారచనకు ప్రత్యేక స్థానం ఉంది. సికింద్రాబాదు నుండి లడఖ్ వరకు సాగే వేసవి రహదారి ప్రయాణాన్నీ, దాని చివర ఎదురయ్యే కఠినమైన పర్వత మారథాన్‌నూ ఈ పాఠం వర్ణిస్తుంది. సాహసానికీ తొందరపాటుకూ గల భేదాన్ని విద్యార్థులకు తెలియజేయడం దీని ఉద్దేశం.

పాఠం

అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలో ప్రవరునికి తీర్థయాత్రల మీద ఎనలేని మక్కువ. కాని నిత్యాగ్నిహోత్రాన్నీ, వృద్ధులైన తల్లిదండ్రులనూ విడిచి దూరదేశాలకు పోలేని గృహస్థు అతడు. ఒకనాడు ఇంటికి అతిథిగా వచ్చిన సిద్ధుడు అతని పాదాలకు దివ్యమైన పసరు పూశాడు. ఆ ప్రభావంతో ప్రవరుడు క్షణంలో హిమాలయం చేరి, ఆ గిరిశోభను కన్నులారా చూశాడు. తీరా ఇంటికి మరలబోయేసరికి మంచునీటికి పసరు కరిగిపోయింది. ఎంత వేగంగా వెళ్ళాడో, అంత నిస్సహాయుడై నిలిచిపోయాడు.

నేటి విమానం ఆ పాదలేపనం వంటిదే. సికింద్రాబాదు సముద్రమట్టానికి ఇంచుమించు 540 మీటర్ల ఎత్తున ఉన్న పట్టణం. లడఖ్ ముఖ్యపట్టణమైన లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఉదయం ఇక్కడ బయలుదేరినవాడు ఢిల్లీ మీదుగా ఆ రోజే అక్కడ దిగగలడు. మనస్సు ఆ వేగానికి మురిసిపోవచ్చు. శరీరం మాత్రం ఆ వేగాన్ని అందుకోలేదు.

అందుచేతనే కొందరు యాత్రికులు నేటికీ నేలదారినే ఎంచుకుంటారు. ఈ దారి కొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు, నిర్మల్, నాగపూర్ మీదుగా కాశీ చేరాడు. ఆ అనుభవాలను కాశీయాత్ర చరిత్రగా మనకు అందించాడు. ఆయన మజిలీ మజిలీకి ఆగుతూ నెలల తరబడి సాగించిన ప్రయాణాన్ని నేటి వాహనాలు రోజుల్లో ముగిస్తున్నాయి. మేడ్చల్, రామాయంపేట, కామారెడ్డి దాటి, సోన్ వద్ద గోదావరిని, ఆపైన పెన్‌గంగను, నర్మదను, చంబల్‌ను ఒక్కొక్కటిగా దాటుతూ 44వ జాతీయ రహదారి ఉత్తరానికి సాగుతుంది. ఢిల్లీ దాటిన తరువాత మండి, కులు పట్టణాల మీదుగా మనాలి చేరుకోవాలి. మొత్తం ప్రయాణం సుమారు 2,500 కిలోమీటర్లు.

మనాలి నుండి అసలు పర్వతమార్గం మొదలవుతుంది. మంచు కారణంగా ఏడాదిలో కొన్ని నెలలు మూతపడే ఈ దారి వేసవిలో తెరుచుకుంటుంది. మనకు నైరుతి ఋతుపవనాల వానలు కురిసే నెలలే లడఖ్‌కు వేసవికాలం. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే శ్రమను తప్పించింది. కాని ఆవల బారాలాచా, తంగ్‌లాంగ్ వంటి ఉన్నతమైన కనుమలు ఎక్కక తప్పదు. తంగ్‌లాంగ్ కనుమ ఎత్తు 5,300 మీటర్లకు పైమాటే. నేలదారిన పోయినంత మాత్రాన నెమ్మది అలవడదు. మనాలిలో ఉదయం బయలుదేరి, ఆ రాత్రే 4,200 మీటర్లకు పైబడిన సర్చూలో పడుకొనే ప్రయాణికులు తలనొప్పితో, వాంతులతో బాధపడడం సర్వసాధారణం. తెలిసినవారు సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న కేలాంగ్‌లో ఆగి, శరీరానికి గడువు ఇచ్చి, పిమ్మట ముందుకు కదులుతారు.

ఈ గడువు ఎందుకు అవసరమో గ్రహించాలి. గాలిలో ప్రాణవాయువు పాలు కొండ మీదనైనా, పల్లంలోనైనా ఇంచుమించు 21 శాతమే. కాని ఎత్తు పెరిగేకొద్దీ వాయుపీడనం తగ్గుతుంది. అందువల్ల ఒక్కొక్క శ్వాసలో లోపలికి చేరే ప్రాణవాయువు తగ్గుతుంది. శరీరం మొదట శ్వాసను వేగిరపరుస్తుంది. మూత్రపిండాలు కొన్ని రోజులలో రక్తంలోని ఆమ్ల, క్షార సమతుల్యతను సరిదిద్దుకుంటాయి. ఎర్ర రక్తకణాలు తగినంతగా పెరగడానికి వారాలు పడుతుంది. ఈ మార్పులకు వ్యవధి ఇవ్వనివాని ఊపిరితిత్తులలోనికి నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. అప్పుడు వెంటనే కిందికి దించడమే ప్రధాన చికిత్స. మూడువేల మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యులు చెబుతారు.

1806లో ఏర్పడిన సికింద్రాబాదు కంటోన్మెంటులో సైనికుల క్రమశిక్షణ నగరవాసులకు నిత్యపరిచితమే. ఆ సైన్యమే ఈ విషయంలో మనకు గురువు. భారత సైనికుడు ఎంతటి బలశాలి అయినా, 9,000 అడుగులు దాటిన తరువాత మొదటి దశలో ఆరు రోజులు, 12,000 అడుగుల పైన నాలుగు రోజులు, 15,000 అడుగుల పైన మరి నాలుగు రోజులు అలవాటుపడిన తరువాతనే పూర్తి విధులలో చేరుతాడు. శత్రువును జయించదలచినవాడు మొదట గాలితో సంధి చేసుకోవాలి.

లేహ్‌లో 2012లో ప్రారంభమైన లడఖ్ మారథాన్ సెప్టెంబరు నెలలో జరుగుతుంది. అందులో 42 కిలోమీటర్ల పరుగుతో పాటు ఖర్దుంగ్ లా చాలెంజ్ అనే 72 కిలోమీటర్ల పరుగు కూడా ఉంది. లడఖీ భాషలో ‘లా’ అంటే కనుమ. సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉన్న ఖర్దుంగ్ గ్రామంలో తెల్లవారకముందే, చీకటిలో, ఎముకలు కొరికే చలిలో ఈ పరుగు మొదలవుతుంది. దాదాపు 30 కిలోమీటర్ల పొడవునా ఎగువకే సాగాలి. ఆ దారి చివర 5,300 మీటర్లకు మించిన కనుమ ఎదురవుతుంది. అక్కడి వాయుపీడనం సముద్రతీరంలోని పీడనంలో సగానికి కొంచెమే ఎక్కువ. మైదానంలో గాలిలా పరుగెత్తేవాడు అక్కడ నడకకే ఆయాసపడతాడు. కనుమ దాటిన తరువాత లేహ్ వరకు నలభై కిలోమీటర్ల దిగుడు. ఎక్కేటప్పుడు ఊపిరికి పరీక్ష, దిగేటప్పుడు మోకాళ్ళకు పరీక్ష. నిర్ణీత కాలంలో నిర్ణీత స్థానం చేరనివారిని పరుగు నుండి విరమింపజేస్తారు. పాల్గొనేవారు ఎన్నో రోజుల ముందుగానే లేహ్ చేరి అక్కడి గాలికి అలవాటుపడాలి.

టాంక్‌బండ్ మీద, పరేడ్ గ్రౌండ్ పరిసరాలలో వేకువనే పరుగెత్తే నగరవాసికి ఈ అభ్యాసం కాళ్ళ సత్తువ ఇస్తుంది. పల్లపు నేలలో ఎంత శ్రమించినా కొండగాలి మాత్రం అలవాటు కాదు. దానిని అక్కడికి పోయి, వేచి ఉండి సంపాదించుకోవలసిందే. నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ జీవితం ఇందుకు దృష్టాంతం. సికింద్రాబాదుకు సమీపంలోని భువనగిరి బండ మీద తొలి పాఠాలు నేర్చి, డార్జిలింగ్‌లోనూ లడఖ్‌లోనూ శిక్షణ పొంది, 2014 మే 25న ఆమె ఎవరెస్టు శిఖరం చేరింది. అప్పటికి ఆమె వయస్సు పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఆమె పాదాలకు ఏ సిద్ధుడూ పసరు పూయలేదు. మెట్టు మెట్టుకూ ఆగి సాధించిన విజయం అది.

అయినా పర్వతం ఎవరికీ లొంగి ఉండదు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజులలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను అధిరోహించాడు. అంతటి అనుభవజ్ఞుడు 2015లో ఆండీస్ పర్వతాలలో ప్రాణాలు కోల్పోయాడు. నైపుణ్యం ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా తొలగించలేదు. కనుక ఇంత దూరం వచ్చాము గదా అన్న పంతంతో అడుగు ముందుకు వేయడం ధైర్యం కాదు. తల తిరిగి, అడుగు తడబడి, మాట తొట్రుపడినప్పుడు వెనుకకు మరలడమే వివేకం. కనుమ వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. దానిని ఎక్కదలచినవాడు కూడా ఉండాలి.

ప్రవరునికి అగ్నిదేవుడు తోడై ఇల్లు చేర్చాడు. కొండ మీద పరుగెత్తేవానికి తోడయ్యేవి ఓర్పు, అభ్యాసం, తన హద్దు తాను ఎరిగిన జ్ఞానం. ఈ మూడూ ఉన్నవానికి పోయే దారితో పాటు వచ్చే దారి కూడా తెరిచే ఉంటుంది.

పదాలు – అర్థాలు

మక్కువ = ఇష్టం
లేపనం = పూత
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
కనుమ = కొండల నడుమ దారి
దృష్టాంతం = ఉదాహరణ
పంతం = పట్టుదల

ప్రశ్నలు

1. ప్రవరుని హిమాలయ యాత్రకూ నేటి విమాన ప్రయాణానికీ గల పోలికను వివరించండి.
2. ఎత్తైన ప్రదేశాలలో శరీరానికి గడువు ఎందుకు ఇవ్వాలి?
3. ‘వెనుకకు మరలడమే వివేకం’ అన్న మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.