మూత్రపిండముల కొవ్వు: పేరు, వాడుక, జాగ్రత్తలు

హైదరాబాదు నగరమున అమీరుపేట, పంజాగుట్ట ప్రాంతముల మాంసపు దుకాణములలో కొనువారు "చర్బీ తీసి తూచుము" అనుట తరచు వినవచ్చును. అట్లు తీసిన కొవ్వు అంతయు ఒకే రకము కాదు. దానిలో ఒక భాగము పూర్వమునుండి వంటకు పనికివచ్చినది. గొఱ్ఱెల పెంపకందారులును, గ్రామాధికారులును దానిని గుర్తింప నేర్చుకొనవలెను. పేరు తెలియని వస్తువునకు ధర రాదు. పేరు దాచిన వస్తువు కల్తీ యగును.

పదముల అర్థము

కొవ్వు అనునది మన భాషలో అన్నిటికిని చెల్లు మాట. పొగరుబోతును చూచి "కొవ్వెక్కినది" అందుము. కొవ్వు, ఒత్తి కలిసి కొవ్వొత్తి అయినది. ఇప్పుడు దానిని మైనముతో చేయుచున్నను పాత పేరు నిలిచినది. నిఘంటువులలో నెణము అను మాటయు కలదు. ఆయుర్వేదము నెయ్యి, నూనె, వస, మజ్జ అని నాలుగు స్నేహములను చెప్పినది. వస యనగా మాంసపు కొవ్వు. ఆంగ్లములో సూయెట్ అను మాట మాత్రము గొఱ్ఱె, పశువుల మూత్రపిండముల చుట్టును, నడుము లోపలను ఉండు గట్టి కొవ్వునకే చెల్లును. నగరవాసులకు అర్థమగునట్లు దీనిని గుర్దా చర్బీ అనవచ్చును.

గుర్తించు విధము

ఇది తెల్లగా, గట్టిగా ఉండి, పలుచని పొరలో చుట్టబడి ఉండును. వేళ్లతో నలిపిన పొడిపొడిగా రాలును. చర్మము క్రింది కొవ్వు మెత్తగా సాగును. మన దక్కనీ, నెల్లూరు గొఱ్ఱెల తోకలు చిన్నవి. అరబ్బు దేశముల దుంబా గొఱ్ఱెలవలె తోకలో కొవ్వు నిలువ ఉండదు.

కరిగించు విధము

1. కొవ్వును కోసిన నాడే తీసికొని, పొరను, రక్తపు మరకలను తొలగింపవలెను.
2. సన్నగా తరిగి, కొద్దిగా నీరు పోసి, సన్నని సెగపై కరిగింపవలెను. పెద్ద మంట పెట్టిన మాడు వాసన వచ్చును.
3. నీరు ఇగిరి, బుడగలు తగ్గి, గసి బంగారు రంగు తిరిగినప్పుడు దింపి, గుడ్డతో వడగట్టవలెను.
4. తడిలేని పాత్రలో మూతపెట్టి, చల్లనిచోట ఉంచవలెను. ముక్కిపోయిన వాసన వచ్చినదానిని వాడరాదు.

గొఱ్ఱె కొవ్వు సుమారు 45 డిగ్రీల సెంటీగ్రేడు దాటిననే చక్కగా కరుగును. మన శరీరపు వేడి 37 డిగ్రీలే. కావున చల్లారిన వంటకము అంగిటికి అంటుకొనును. నగరమున తెల్లవారుజామున తిను నహారీని వేడిగా వడ్డించుటలోని మర్మము ఇదియే.

జాగ్రత్తలు

దీనిలో సుమారు సగము సంతృప్త కొవ్వు. నిత్యము వాడదగినది కాదు. హృద్రోగులు వైద్యుని సలహా పొందవలెను.

దీనిని నేతిలో కలిపి అమ్ముట నేరము మాత్రమే కాదు, కొనువాని నమ్మకమునకు ద్రోహము. కొందరు మాంసమే ముట్టరు. కొందరికి కొన్ని జంతువుల కొవ్వు నిషిద్ధము. 1983లో వనస్పతిలో పశువుల కొవ్వు కలిసినదని దేశమంతట అలజడి రేగగా, ప్రభుత్వము ఆ కొవ్వు దిగుమతిని నిషేధించినది. కొందరి అత్యాశ వలన నిజాయితీగల వర్తకులను సైతము జనులు అనుమానించిరి.

కావున రైతు సోదరులు గొఱ్ఱెను అమ్మునప్పుడు ఈ కొవ్వును వ్యర్థముగా ఎంచక, దానికి వేరుగా ధర అడుగవలెను. అమ్మువారు ఏ జంతువుదో చెప్పి, దాని పేరుతోనే అమ్మవలెను. నేతిని నేతిగా, కొవ్వును కొవ్వుగా అమ్మిననాడే రెండింటికిని గౌరవము దక్కును.