మ్రింగెడు కెమెరా

గుండెకు స్టెంటు వేయించుకొని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు వాడు పెద్దలు మన మైపాడు, కృష్ణపట్నము తీరమునను కలరు. ఇవి ప్లేట్‌లెట్లు గుమిగూడకుండ ఆపును. ఆస్పిరిన్ జీర్ణకోశపు లోపొరను కాచు ప్రోస్టాగ్లాండినులను కూడ తగ్గించును. అందుచే పుండ్లు పడి, నెత్తురు స్రవించి, మలము తారువలె నల్లబడవచ్చును.

పైనుండి, క్రిందినుండి పంపు గొట్టములకు సుమారు 6 మీటర్ల చిన్నప్రేగులో చాలభాగము అందదు. అప్పుడు రోగిచే కెమెరా క్యాప్సూలును మ్రింగింతురు. ఇజ్రాయెల్ ఇంజనీరు గావ్రియల్ ఇద్దాన్ ఊహించిన ఈ సాధనము 2001లో వాడుకకు వచ్చినది. తొలి క్యాప్సూలు పొడవు 26 మిల్లీమీటర్లు. సెకనుకు 2 చొప్పున 8 గంటలలో 50,000కు పైగా చిత్రములు పంపెడిది. పాపము, అది చూచునే గాని నెత్తురు నాపజాలదు; ఇరుకైన ప్రేగులో చిక్కుకొనుటయు కలదు.

నల్లని మలము చూచి భయపడి మాత్రలు తామే మానినచో స్టెంటులో రక్తము గడ్డకట్టి గుండెపోటు రావచ్చును. ఏది ఆపవలెనో ఉదరవైద్యుడు, గుండెవైద్యుడు కలిసి తేల్చవలెను.