పైపు పెట్టకుండా కాగితం ఇవ్వకు

మల్లేశ్,

ఫలక్‌నుమాలో పొల్యూషన్ పరీక్ష వ్యాన్ మీద పనికి కుదిరావని పిన్ని ఫోన్లో చెప్పింది. సంతోషం.

అక్కడ రోజూ వినబడే మాట ఒకటుంది: "ఖాలీ కాగజ్ దేదో భాయ్, జల్దీ హై." అట్లా అడిగేవాడు బండి దిగడు, ఇంజన్ ఆపడు, పైసలు మాత్రం ముందే చాపుతాడు. ఈ పనిలో కొత్తలో నేనూ ఒక ఆటోకు పరీక్ష చేయకుండా అట్లనే కాగితం ఇచ్చేశాను. సాయంత్రం ఇంజన్‌బౌలి దగ్గర అదే ఆటో నా ముందు నల్లగా పొగ కక్కుతూ పోయింది. ముక్కుకు రుమాలు కట్టుకుని దాని వెనకాలే ఇంటికి పోయాను.

చల్లబడ్డ బండిని ముట్టుకోకు. ఇంజన్ వేడెక్కకపోతే పెట్రోలు సరిగా మండదు, మంచి బండి కూడా ఫెయిలవుతుంది. యంత్రం పైపును సైలెన్సర్‌లోకి జానెడున్నర దూర్చు. అంచున పెడితే బయటి గాలి కలిసి కార్బన్ మోనాక్సైడ్ తక్కువ చూపిస్తుంది. దొంగ పాస్‌లన్నీ ఆ అంచు దగ్గరే పుడతాయి. సైలెన్సర్‌కు తూటున్నా అంతే. బైకుకు లోపల అడ్డం తగిలితే చివర గొట్టం తొడిగి, సందు మూసి పెట్టు.

2000 తర్వాతి పాత బైకులకు కార్బన్ మోనాక్సైడ్ హద్దు 3.5 శాతం. బీఎస్-4 పెట్రోలు కార్లకైతే 0.3 శాతమే. అంకె తెర మీద నిలకడగా ఆగేదాకా ఆగు, తొందరపడకు.

డీజిల్‌కు పద్ధతి వేరు. న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ ఒక్కసారిగా చివరిదాకా తొక్కాలి, వదలాలి, మళ్ళీ తొక్కాలి. పొగ ఎంత వెలుగును ఆపిందో యంత్రం చూస్తుంది. డ్రైవర్లు సగం తొక్కి వదిలేస్తారు. నువ్వే సీట్లో కూర్చో. గాలివాటు చూసుకుని వ్యాన్ నిలబెట్టించు, మాస్కు తీయకు, నీ ఊపిరితిత్తులు నీవే.

ఫెయిలైనవాణ్ణి కసరకు. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు చూపించుకుని మళ్ళీ రమ్మను. కాగితం లేకపోతే 2019 నుంచి జరిమానా పదివేల దాకా ఉందని చెప్పు. బీఎస్-4, ఆ పైవాటికి ఏడాది, పాతవాటికి ఆరు నెలలు గడువు అని గుర్తుచెయ్యి.

దసరాకు నా పాత హీరోహోండా మీద వస్తాను. దానికీ పైపు పెట్టు. ఫెయిలైతే ఫెయిలనే రాయి.

మీ అన్న