మిడి కేబుల్‌లో పాట ఉండదు: కీబోర్డు మీ ఫోన్‌తో ఏం మాట్లాడుతుందో చూద్దాం

"కీబోర్డుని ఫోన్‌కి కలిపాను, సౌండ్ రావట్లేదు, కేబుల్ పోయిందా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. చాలాసార్లు కేబుల్ బాగానే ఉంటుంది. అందులో వెళ్లేది సౌండ్ కాదు, మిడి. పూర్తి పేరు మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్.

మీరు కీ నొక్కగానే కీబోర్డు పంపేది మూడే మూడు నంబర్లు. ఉదాహరణకి 144, 60, 100. ఇందులో 144 అంటే "ఒకటో ఛానల్‌లో నోట్ మొదలుపెట్టు" అని. 60 అంటే ఏ కీ నొక్కారో, ఇక్కడ మిడిల్ సి. 100 అంటే ఎంత జోరుగా నొక్కారో. దీన్ని వెలాసిటీ అంటారు, 127 దాకా ఉంటుంది. వేలు తీయగానే "ఆపు" అని ఇంకో మెసేజ్ వెళ్తుంది. అంతే! ఆ నంబర్లకి వీణ మోగించాలా, ట్రంపెట్ మోగించాలా అన్నది ఫోన్‌లోని యాప్ పని. యాప్ తెరవకపోతే నంబర్లు వస్తాయి కానీ వాటిని పట్టించుకునేవాళ్లు ఉండరు. పాత ఫోన్లలో పాలీఫోనిక్ రింగ్‌టోన్లు గుర్తున్నాయా? వాటిలో చాలావరకు మిడి ఫైళ్లే. అందుకే అంత చిన్న సైజు, అందుకే ఒకే ట్యూన్ ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా వినిపించేది.

ఒకవేళ ఆ "ఆపు" మెసేజ్ మధ్యలో పోయిందనుకోండి, నోట్ అలా మోగుతూనే ఉంటుంది. చాలా యాప్‌లలో పానిక్ అనే బటన్ పెట్టేది దీనికోసమే.

అప్పట్లో ఒక కంపెనీ సింథసైజర్‌కి ఇంకో కంపెనీది కలపడం పెద్ద తలనొప్పి. 1983 జనవరిలో అమెరికాలోని నామ్ షోలో సీక్వెన్షియల్ వాళ్ల ప్రాఫెట్-600ని, రోలాండ్ వాళ్ల జూపిటర్-6ని కలిపి చూపించారు. పోటీ కంపెనీలు ఒకే భాషకి ఒప్పుకున్నాయన్నమాట. ఈ పనికి డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషిలకి 2013లో టెక్నికల్ గ్రామీ వచ్చింది. ఆ ఐదు పిన్నుల కేబుల్ వేగం సెకనుకి 31,250 బిట్లు. మన వైఫై ముందు నవ్వొస్తుంది కదా? కానీ ఒక్క నోట్ మెసేజ్ వెళ్లడానికి దాదాపు 1 మిల్లీసెకను చాలు.

మన సంగీతం దగ్గరికి వచ్చేసరికే అసలు చిక్కు మొదలవుతుంది. కీబోర్డులో ఒక స్థాయికి 12 కీలే. గమకం ఆ కీల మధ్యలో ఊగుతుంది. దానికి పిచ్ బెండ్ వీల్ ఉంది, 16,384 మెట్లున్నాయి, కాబట్టి సూక్ష్మత సరిపోతుంది. కానీ ఆ బెండ్ మొత్తం ఛానల్‌కి వర్తిస్తుంది. షడ్జమం నొక్కి పట్టుకుని గాంధారాన్ని ఊపారంటే షడ్జమం కూడా ఊగుతుంది! శ్రుతిని వేరే ఛానల్‌లో పెట్టుకోవడం సులువైన దారి. 2018లో వచ్చిన ఎంపీఈ పద్ధతి చేసేది కూడా అదే, ఒక్కో నోట్‌కి ఒక్కో ఛానల్ ఇస్తుంది. 2020లో వచ్చిన మిడి 2.0లో అయితే నోట్‌కి విడిగా బెండ్ ఉంది. కాకపోతే అటు కీబోర్డు, ఇటు యాప్ రెండూ సపోర్ట్ చేయాలి. బాక్స్ మీద పేరు చూసి మాత్రం డబ్బులు పెట్టకండి.

ఆండ్రాయిడ్ 6.0 నుంచి మిడి సపోర్ట్ ఉంది. కీబోర్డుకి యూఎస్‌బీ మిడి పోర్ట్ ఉంటే ఓటీజీ కేబుల్‌తో చాలా ఫోన్లకి కలిపేయొచ్చు. వినడానికి మాత్రం వైర్ ఇయర్‌ఫోన్సే పెట్టుకోండి. బ్లూటూత్‌లో సౌండ్ ఆలస్యంగా వచ్చి తాళం తప్పుతుంది.

సెకండ్‌హ్యాండ్ కీబోర్డు కొనేటప్పుడు నేనైతే ఫోన్‌లో ఒక మిడి మానిటర్ యాప్ వేసుకుని వెళ్తాను. ఒకే కీని మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి. మూడో నంబర్ మారకపోతే, సెట్టింగ్స్‌లో టచ్ రెస్పాన్స్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. అది ఆన్ చేసినా మారకపోతే ఆ కీబోర్డుకి మీ వేళ్ల జోరు తెలియదు, ధర దాన్నిబట్టే మాట్లాడండి.