గీజరు మొరాయించినప్పుడు రైతు చూచుకొనవలసిన సంగతులు



చలికాలమున తెల్లవారుజామునే లేచి పాలు పిండువారికి వేడినీటి అవసరము వేరుగా చెప్పనక్కరలేదు. పాలక్యాన్లు కడుగుటకు, పొదుగు తుడుచుటకు, పిల్లల స్నానమునకు వేడినీరు కావలెను. వెనుక కట్టెల పొయ్యిమీద గంగాళము పెట్టి కాచుకొన్న ఇండ్లలో నేడు గీజరు గోడకెక్కినది. మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా శామీర్‌పేట మండలములోని లాల్‌గడి మలక్‌పేట్ వంటి గ్రామములలో దీనికి రెండు చిక్కులు ఎదురగును: ఒకటి రాతినేల బోరునీరు, రెండవది హెచ్చుతగ్గుల వోల్టేజి. గీజరు ఎందుకు చెడునో తెలిసికొన్నచో అనవసరపు ఖర్చు తప్పును. అంతకంటె ముఖ్యముగా ప్రాణాపాయము తప్పును.

గీజరు పనిచేయు విధము

గీజరు లోపల ఒక ఇనుప తొట్టి, అందులో నీట మునిగియుండు కాయిలు ఉండును. నీరు తగినంత వేడెక్కగానే థర్మోస్టాటు కరెంటును ఆపును. అది పనిచేయనిచో కాపాడుటకు కటౌటు కలదు. ఆవిరి ఒత్తిడి పెరిగినచో వదలుటకు సేఫ్టీ వాల్వు కలదు. తొట్టి తుప్పు పట్టకుండ, తొట్టికి బదులుగా తాను కరగిపోవు మెగ్నీషియము కడ్డీ ఒకటి లోపల వ్రేలాడుచుండును. దీనిని ఆనోడు అందురు.

15 లీటర్ల గీజరులో 2,000 వాట్ల కాయిలు ఉన్నచో, 20 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు వచ్చుటకు సుమారు 21 నిమిషములు పట్టును. ఖర్చగు కరెంటు సుమారు 0.7 యూనిటు. ఈ లెక్క గుర్తుంచుకొనుడు. మీ గీజరు ఆరోగ్యమును తెలుపు కొలబద్ద ఇదియే.

మొదటి నియమము

ఏ లోపము వెదకవలెనన్నను ముందు మెయిను బోర్డులోని ఎం.సి.బి.ని ఆపవలెను. గోడ స్విచ్చి ఒక్కటి ఆపిన చాలదు. కొన్ని ఇండ్లలో స్విచ్చిని పొరపాటున న్యూట్రల్ తీగకు కలుపుదురు. అప్పుడు స్విచ్చి ఆపినను గీజరులో కరెంటు నిలిచియుండును. మూత విప్పు పని, తీగలు పట్టు పని తెలిసిన ఎలక్ట్రీషియనుకే వదలుడు.

లోపములు, కారణములు

1. దీపము వెలుగదు, నీరు వేడెక్కదు. ఇంటికి కరెంటు ఉన్నదా, ఎం.సి.బి. పడిపోయినదా చూడుడు. ప్లగ్గు నల్లబడినదా, ప్లాస్టిక్కు కరిగిన వాసన వచ్చుచున్నదా గమనింపుడు. 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగును. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ ఉండవలెను. సన్నని తీగ, చిన్న ప్లగ్గు పెట్టినచో అవియే కాలును.

2. దీపము వెలుగును, నీరు మాత్రము చల్లగానే ఉండును. కాయిలు తెగియుండవచ్చును, లేదా కటౌటు పడియుండవచ్చును. కటౌటు ఒకసారి పడినచో మెకానిక్కు దానిని తిరిగి నొక్కును. మరల మరల పడుచున్నచో థర్మోస్టాటు చెడినదని అర్థము. కటౌటును తప్పించి తీగలు నేరుగా కలుపుమని ఎవరు చెప్పినను వినరాదు. ఆవిరి పేలుడునుండి కాపాడునవి ఆ కటౌటు, సేఫ్టీ వాల్వు మాత్రమే.

3. నీరు ఆలస్యముగా వేడెక్కును. ఇంటి దీపములు మసకబారిన వేళలలోనే ఇట్లు జరుగుచున్నచో లోపము గీజరుది కాదు, వోల్టేజిది. 230 వోల్టులకు బదులు 180 వచ్చినచో కాయిలు శక్తి 61 శాతమునకు పడిపోవును. 21 నిమిషముల పని 34 నిమిషములు పట్టును. ఇందుకు కొత్త కాయిలు కొనుట వృథా ఖర్చు. విద్యుత్ సంస్థకు 1912 నంబరున ఫిర్యాదు చేయుడు. దీపములు ఉన్నట్టుండి మిక్కిలి ప్రకాశించినచో న్యూట్రల్ తెగియుండవచ్చును. వెంటనే మెయిను ఆపుడు.

4. దీపము త్వరగా ఆరిపోవును, నీరు గోరువెచ్చగానే వచ్చును. థర్మోస్టాటు తక్కువకు తిప్పియుండవచ్చును, లేదా దాని గొట్టము చుట్టును గార పట్టియుండవచ్చును.

5. లోపల గరగర చప్పుడగును. కాయిలు మీద పేరుకొన్న సున్నపు పొర క్రింద నీరు ఉడికి ఆవిరి అగుచున్నది. గార తీయించు సమయము వచ్చినదని తెలిసికొనుడు.

6. నీరు కారును. వేడెక్కు వేళ సేఫ్టీ వాల్వునుండి కొద్దిగా చుక్కలు పడుట సహజము. 15 లీటర్ల నీరు 60 డిగ్రీలకు వచ్చునప్పుటికి సుమారు పావు లీటరు వ్యాకోచించును. చల్లగా ఉన్నప్పుడు కూడ కారుచున్నచో వాల్వు చెడినది. వాల్వు నోటిని కట్టెతోగాని, సీలుతోగాని మూయుట మహాపాపము. తొట్టి అడుగునుండి తుప్పునీరు కారినచో తొట్టి చిల్లుపడినది. దానికి మరమ్మతు లేదు.

బోరునీరు, గార

ఈ ప్రాంతపు నేల గ్రానైటు, నైసు రాతిది. ఆ పగుళ్ళలోనుండి వచ్చు నీటిలో సున్నపు లవణములు కరగియుండును. నీరు కాగినప్పుడు అవి విడివడి తెల్లని గారగా కాయిలును పట్టుకొనును. సబ్బు నురుగు సరిగా రాకున్నను, గిన్నె అడుగున తెల్లపొర కట్టినను మీ నీరు కఠిన జలమని గుర్తింపుడు. త్రాగునీటి భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 10500 ప్రకారము కఠినత్వము లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండుట మేలు. వేరు నీరు దొరకనిచో 600 వరకు అనుమతింతురు.

గార వలన కరెంటు బిల్లు విపరీతముగా పెరుగునని పలువురు తలంతురు. కాయిలు నీటిలోనే మునిగియున్నది కనుక వేడి ఎక్కడికి పోవును? నీటికే చేరును. అసలు నష్టము కాయిలుకు. వేడి త్వరగా బయటికి పోలేక అది లోలోపల కాగి తెగును.

నివారణ ఇట్లు చేయవలెను. కఠిన జలము వాడువారు ఏడాదికొకసారి, చలికాలమునకు ముందు, గీజరును విప్పించవలెను. కాయిలును నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో కొన్ని గంటలు నానబెట్టి, మెత్తని బ్రష్షుతో రుద్దవలెను. ఉలితో కొట్టరాదు. మరుగుదొడ్డి కడుగు యాసిడు వాడరాదు, అది లోహమును తినును. ఆనోడు కరగి లోని తీగ బయటపడినచో మార్పించవలెను. రబ్బరు వాషరు కొత్తది వేయించవలెను. తరువాత వేడినీటి నల్లా విప్పి, నీరు ఎడతెగక వచ్చువరకు ఆగి, అప్పుడే స్విచ్చి వేయవలెను. ఖాళీ తొట్టికి కరెంటు ఇచ్చినచో కాయిలు నిమిషములలో మాడిపోవును. థర్మోస్టాటును 60 డిగ్రీలకు మించనీయకున్నచో గార తగ్గును. 60 డిగ్రీల నీరు కూడ పసిపిల్లల చర్మమును క్షణాలలో కాల్చును. బకెట్టులో ముందు చన్నీరు, తరువాత వేడినీరు పోయుడు.

షాకు: ఉపేక్షింపరానిది

నల్లా ముట్టినప్పుడు చిమచిమ అన్నచో అది చిన్న లోపము కాదు. కాయిలు కవచము పగిలి కరెంటు నీటిలోనికి వచ్చుచున్నది. అదే క్షణమున మెయిను ఆపి, బాగగువరకు గీజరును వాడకుడు. పశువుల పాకలోని గొట్టములకు ఈ గీజరునుండి నీరు పోవుచున్నచో మరింత జాగ్రత్త వలయును. తడినేలపై నాలుగు కాళ్ళతో నిలుచు పశువు మనకంటె తేలికగా షాకునకు లోనగును. కొద్దిపాటి కరెంటుకే పాలు సేపక బెదరును. గేదె కారణము లేకుండ తన్నుచున్నచో గొట్టములను కూడ అనుమానింపుడు.

దీనికి రక్ష రెండు విధములు. ఒకటి మంచి ఎర్తు. వేసవిలో రాతినేల ఎండి ఎర్తు పనిచేయదు. గుంతలో అప్పుడప్పుడు నీరు పోయవలెను. రెండవది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లీకు కనబడగానే అది కరెంటును తెంచును. నెలకొకసారి దాని పరీక్ష మీటను నొక్కి చూడుడు. బకెట్టులో వేయు హీటరు రాడ్డు వాడువారు ప్లగ్గు తీయకుండ నీటిలో వ్రేలు పెట్టరాదు. మోటారుకై ఇచ్చిన వ్యవసాయ సర్వీసునుండి గీజరుకు తీగ లాగరాదు. అది చట్టవిరుద్ధము, అపాయకరము కూడ.

ఎవరికైనను షాకు తగిలినచో ముట్టుకొనక ముందు మెయిను ఆపుడు. వీలుకానిచో పొడి కట్టెతో తప్పించి, 108కి ఫోను చేయుడు. శ్వాస లేకున్నచో ఛాతీ నడుమ గట్టిగా, నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కుచుండుడు.

కొత్త గీజరు కొనువారు ఐ.ఎస్. 2082 ప్రమాణము, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదే ఎన్నుకొనుడు. ఇంటిల్లిపాది మెయిను స్విచ్చి ఎక్కడున్నదో ఎరిగియుండుట అన్నిటికంటె మంచి జాగ్రత్త. ఈ సాయంత్రమే పిల్లలకు చూపుడు.